గ్లోవ్స్ వేసుకున్న పది నిమిషాలకే దద్దుర్లు, ఓటీ (ఆపరేషన్ థియేటర్)లోకి వెళ్తే తుమ్ములు – ఎవరికైనా ఇలా ఉందా?

గుంటూరు_ఓటీ_సిస్టర్
అందరికీ నమస్తే. ప్రైవేటు హాస్పిటల్లో ఓటీ స్టాఫ్ నర్సుని. చాలాకాలంగా చేతులు దురద పెడుతున్నాయి. స్క్రబ్ సొల్యూషన్ మార్చి చూశారు, తేడా ఏమీ లేదు. ఇప్పుడు ముదిరింది. సర్జికల్ గ్లోవ్స్ వేసుకున్న పది నిమిషాలకే మణికట్టు దగ్గర, సరిగ్గా గ్లోవ్ అంచు ఆగేచోట, దోమ కుట్టినట్టు దద్దుర్లు లేస్తున్నాయి. తీసేసి కడుక్కుంటే గంటలో పోతాయి. అంతవరకైతే సర్దుకుపోయేదాన్నే. ఈమధ్య నేను గ్లోవ్స్ ముట్టుకోకపోయినా, సర్క్యులేటింగ్‌లో (బల్ల దగ్గర కాకుండా సామాను అందించే డ్యూటీలో) ఉన్నా కూడా, మిగతావాళ్ళు ప్యాకెట్లు విప్పి టపటపా లాగి వేసుకుంటుంటే నాకు తుమ్ములు, కళ్ళ వెంట నీళ్ళు. పోయిన వారం డ్యూటీ దిగేసరికి ఆయాసం కూడా వచ్చింది. ఆఫ్ రోజు మాత్రం హాయిగా ఉంటుంది.

మాకు వచ్చేవి పౌడర్ ఉన్న లేటెక్స్ (సహజ రబ్బరు) గ్లోవ్సే. "సెట్రిజిన్ వేసుకుని రామ్మా" అని అలర్జీ మాత్ర చెప్తున్నారు ఇన్‌చార్జ్ మేడం. రోజూ వేసుకుంటే కేసు మధ్యలో కళ్ళు మూతపడుతున్నాయి. గట్టిగా అడిగితే ఓటీలోంచి తీసి వార్డులో వేస్తారేమోనని భయం. ఏం చేయాలో చెప్పండి.

కరీంనగర్_ల్యాబ్
అక్కా, నాకు గూడ చేతుల బాధే. కానీ దద్దుర్లు లేవు, తుమ్ములు లేవు. వేళ్ళ సందులల్ల తోలు ఎండిపోయి పగులుతది, శానిటైజర్ పడితే భగ్గుమంటది. చలికాలమైతే ఇంకింత ఎక్కువ. ఇది గూడ లేటెక్స్ అలర్జీయేనా?

నువ్వొక పని చెయ్యి. ఇంట్ల కూసోని గ్లోవ్ వేలు ఒకటి కత్తిరించి తొడుక్కొని పావుగంట చూడు, తేలిపోతది. యూట్యూబ్‌ల చూసిన.

చర్మం_డాక్టర్
ఆ వేలు ప్రయోగం దయచేసి ఇంట్లో వద్దు. ఆయాసం దాకా వచ్చిన మనిషికి అది ప్రమాదం. అలాంటి పరీక్ష చేయాల్సి వస్తే ఆస్పత్రిలో, అడ్రినలిన్, ఆక్సిజన్ పక్కనే పెట్టుకుని చేస్తారు.

గుంటూరు సిస్టర్, కొన్ని అడుగుతాను, చెప్పండి. బెలూన్ ఊదినప్పుడు పెదాలు వాచడం, దురద పెట్టడం ఎప్పుడైనా ఉందా? అరటిపండు, బొప్పాయి, కివీ, అవకాడో తింటే నోట్లో దురద వస్తుందా? చిన్నప్పుడు ఆస్తమా, ఎగ్జిమా ఉన్నాయా? మీకేమైనా ఆపరేషన్లు ఎక్కువగా జరిగాయా?

గుంటూరు_ఓటీ_సిస్టర్
డాక్టర్‌గారూ, మీరు అడిగాక గుర్తొచ్చింది. మా బాబు పుట్టినరోజుకి బెలూన్లు ఊది పెట్టాక పై పెదవి ఉబ్బింది. సెంటు పడలేదన్నారు ఇంట్లో. అరటిపండు తింటే గొంతు గరగరమంటుంది, అందుకే మానేశా. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. ఆపరేషన్ అంటే సిజేరియన్ ఒక్కటే.

చర్మం_డాక్టర్
మీది, కరీంనగర్ తమ్ముడిది రెండూ వేరు. మన ఆస్పత్రుల్లో అన్నింటినీ కలిపి "గ్లోవ్స్ పడలేదు" అనేస్తారు. అక్కడే జాగ్రత్త కూడా తప్పిపోతుంది.

తమ్ముడిది చాలావరకు అలర్జీయే కాదు. పదేపదే కడగడం, చెయ్యి తడి ఆరకముందే గ్లోవ్ ఎక్కించడం, లోపల చెమట, పౌడర్ రాపిడి, వీటితో చర్మం దెబ్బతింటుంది. డ్యూటీ అయ్యాక వాసన లేని మాయిశ్చరైజర్ బాగా రాయాలి. డ్యూటీలో లేటెక్స్ గ్లోవ్ కింద మాత్రం వాజలీన్, కొబ్బరినూనె లాంటివి రాయకండి, రబ్బరు మెత్తబడి చిల్లులు పడుతుంది. కాకపోతే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పగిలిన చర్మం గుండా లేటెక్స్ ప్రోటీన్ సులువుగా లోపలికి పోతుంది.

రెండో రకంలో ఒకటి రెండు రోజులు ఆగి గ్లోవ్ తగిలినంత మేర నీటిపొక్కులు, దురద వస్తాయి. దీనికి కారణం రబ్బరు కాదు, దాన్ని గట్టిపరచడానికి కలిపే థయూరాం, కార్బమేట్ లాంటి రసాయనాలు, వీటినే యాక్సిలరేటర్లు అంటారు. చర్మానికి అంటించి చూసే ప్యాచ్ టెస్టులో తెలుస్తుంది.

మీది మూడో రకంలా ఉంది సిస్టర్. రబ్బరు చెట్టు పాలలోని ప్రోటీన్‌కి శరీరం ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీని తయారు చేసుకుంటుంది. నిమిషాల్లో దద్దుర్లు, తర్వాత ముక్కు, కళ్ళు, ఆపైన ఊపిరితిత్తులు. అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి వచ్చే అలర్జీ, వచ్చేది ఈ రకంలోనే. అరటి, బొప్పాయిలోని కొన్ని ప్రోటీన్లు రబ్బరువాటికి దగ్గరగా ఉంటాయి, మీ గొంతు గరగర బహుశా అందువల్లే. పరీక్ష చేయించుకోండి. అప్పటిదాకా ఆ గదిలో డ్యూటీ వద్దు. సెట్రిజిన్ తుమ్ములు తగ్గిస్తుంది, అనాఫిలాక్సిస్‌ని ఆపదు. మీకు బాగానే ఉందనిపిస్తుంది, లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది.

కరీంనగర్_ల్యాబ్
సమజైంది సార్. అక్కా, ఆ వేలు ముచ్చట మర్చిపో. ఒకటి మాత్రం నా లైన్‌ల చెప్త. ల్యాబ్‌కు పోయి "అలర్జీ టెస్ట్" అంటే టోటల్ ఐజీఈ చేసి పంపుతరు. దాంట్ల లేటెక్స్ గురించి ఏం తెల్వది. చీటి మీద "లేటెక్స్ స్పెసిఫిక్ ఐజీఈ" అని రాపిచ్చుకోవాలె. అది గూడ నెగెటివ్ వస్తే లేదని కాదు, లక్షణాలున్నంక డాక్టర్ మాటే ఫైనల్.

స్టోర్_రాజు
నేను హాస్పిటల్ స్టోర్స్ చూస్తాను, ఏలూరు వైపు. సిస్టర్‌గారికి ఒక్కరికీ నైట్రైల్ (లేటెక్స్ లేని కృత్రిమ రబ్బరు) గ్లోవ్స్ పెట్టె విడిగా ఇష్యూ చేస్తే సరిపోతుంది కదండీ? మా దగ్గర అలాగే చేశాం ఒకరికి. అందరికీ మార్చమంటే మేనేజ్‌మెంట్ ఒప్పుకోదు. టెండర్లో ఎల్‌1, అంటే తక్కువ రేటు, ఎవరిదైతే వాళ్ళదే, పౌడర్‌వే చవక.

మత్తు_డాక్టర్_వైజాగ్
రాజుగారూ, సరిపోదు. ఈ చర్చంతా ఇక్కడే ఉంది. ఆవిడ పోస్టు మళ్ళీ చదవండి. గ్లోవ్ ముట్టుకోకుండానే తుమ్ములొస్తున్నాయి ఆవిడకి.

ఆ పౌడర్ మొక్కజొన్న పిండి. పిండి అమాయకమే, కానీ లేటెక్స్ ప్రోటీన్ దానికి అంటుకుంటుంది. గ్లోవ్ లాగినప్పుడల్లా, ఊడదీసి బకెట్లో విసిరినప్పుడల్లా అది గాల్లోకి లేస్తుంది. ఏసీ ఆడే మూసిన గదిలో చాలాసేపు తేలుతూ ఉంటుంది. ఆవిడ చేతికి ఖరీదైన నైట్రైల్ తొడిగి, పక్కన నలుగురు పౌడర్ గ్లోవ్స్ వేసుకుంటే, ఆవిడ పీల్చేది లేటెక్సే. అంతేకాదు, ఇవాళ ఏ ఇబ్బందీ లేనివాళ్ళు ఆ గాలి పీలుస్తూ రేపటి కేసులుగా తయారవుతారు. కాబట్టి మారాల్సింది ఆవిడ చెయ్యి కాదు, మీ ఇండెంట్ (సామాను ఆర్డరు).

ఇదేం కొత్త సంగతి కాదు. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్య భద్రత సంస్థ నియోష్ 1997లోనే హెచ్చరిక ఇచ్చింది, ఆస్పత్రి సిబ్బందిలో 8 నుంచి 12 శాతం మందిలో ఈ సున్నితత్వం ఉందని. జర్మనీ 1998 ప్రాంతంలోనే పౌడర్ లేటెక్స్ గ్లోవ్స్ ఆపేసింది, కొన్నేళ్ళలోనే కొత్త కేసులు బాగా పడిపోయాయి. గమనించండి, వాళ్ళు లేటెక్స్ మొత్తం మానలేదు. పౌడర్ తీసేసి, ప్రోటీన్ తక్కువున్నవి తెచ్చారు, అంతే. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016 డిసెంబరులో నిషేధం ప్రకటించి 2017 జనవరి 18 నుంచి అమలు చేసింది. ఎగ్జామినేషన్ గ్లోవ్స్, సర్జికల్ గ్లోవ్స్, రెండూ.

నెల్లూరు_సర్జన్
ముప్ఫై ఏళ్ళ పైమాటే నేను పౌడర్ గ్లోవ్స్‌తో చేస్తున్నా, నాకేం కాలేదు. నైట్రైల్ వేసుకుని సన్న దారంతో ముడి వేసి చూడండి తెలుస్తుంది. పౌడర్ లేనివి తడి చేతికి ఎక్కవు, లాగితే చిరుగుతాయి. సగం కేసులో గ్లోవ్ మార్చేటప్పుడు ఈ బాధ పడేది మేము. కంపెనీలు రేటు పెంచుకోవడానికి చెప్పే మాటలు కూడా ఇందులో ఉన్నాయి.

మత్తు_డాక్టర్_వైజాగ్
అన్నా, మీకేం కాలేదు సంతోషం. అందరికీ వస్తుందని ఎవరూ అనలేదు.

ముడి సంగతి ఒప్పుకుంటా. నైట్రైల్ స్టెరైల్ గ్లోవ్‌లో వేలికి స్పర్శ అంత రాదు. మీకు అలర్జీ లేదు కనుక పౌడర్ ఫ్రీ లేటెక్స్ వేసుకోండి, ముడి అదే పడుతుంది. టీములో అలర్జీ ఉన్నవాళ్ళకి పాలీఐసోప్రీన్ ఉంది, కృత్రిమ రబ్బరు, పట్టు లేటెక్స్‌కి బాగా దగ్గర. ధర ఎక్కువే. తడి చేతి గురించి, హ్యాండ్ రబ్ పూర్తిగా ఆరేదాకా ఆగితే పౌడర్ ఫ్రీ కూడా ఎక్కుతుంది. లోపల పూత ఉంటుంది దానికి. ఆగే ఓపిక మనకి లేదు, అంతే.

ఇంకోటి, మీరే నాకు చెప్పాల్సిన మాట. ఆ పిండి పొట్టలో పడితే అడెషన్లు (పేగులు అతుక్కోవడం), గ్రాన్యులోమాలు (గడ్డలు). ఎఫ్‌డీఏ నిషేధానికి చెప్పిన కారణాల్లో ఇవీ ఉన్నాయి. స్టాఫ్ కోసం కాకపోయినా మీ పేషెంట్ కోసమైనా.

నెల్లూరు_సర్జన్
అడెషన్ల మాట కాదనను. మేం గ్లోవ్ వేసుకున్నాక సెలైన్‌తో పౌడర్ కడుక్కునేది అందుకే. సరే, ఒక పెట్టె తెప్పించి చూస్తా. 7 సైజు ఏ కంపెనీది బాగుందో తర్వాత విడిగా చెప్పండి.

పెద్ద_సిస్టర్_రిటైర్డ్
అబ్బాయిలూ అమ్మాయిలూ, ఈ చర్చ చూస్తుంటే పాత రోజులు గుర్తొచ్చాయి. ప్రభుత్వాసుపత్రిలో మేం చేరినప్పుడు గ్లోవ్స్ పారేయడం అనే మాటే లేదు. కేసు అయ్యాక సబ్బు నీళ్ళలో కడిగి, ఒక్కోదాంట్లో గాలి నింపి నీళ్ళలో ముంచి చిల్లు ఉందో లేదో చూసి, తాడు మీద ఆరేసి, ఎండాక తిరగేసి మళ్ళీ ఆరేసి, పౌడర్ చల్లి, గాజ్ (కట్టు కట్టే) గుడ్డలో సైజులవారీ జతలు కట్టి డ్రమ్ములో ఆటోక్లేవ్‌కి పెట్టేవాళ్ళం. పౌడర్ చల్లే బల్ల దగ్గర డ్యూటీ పడిన ఆయమ్మకి ఎప్పుడూ దగ్గే. పొగాకు నమిలి తెచ్చుకుందని తిట్టేవాళ్ళు ఆమెని. దేనివల్ల వచ్చిందో ఆనాడు ఎవరు చూశారు.

మద్రాసులో 1986లో ఎయిడ్స్ క్రిములు బయటపడ్డాక నెమ్మదిగా అంతా డిస్పోజబుల్ అయింది. అందరి చేతికీ గ్లోవ్స్ వచ్చాయి. రక్తం భయం తగ్గిందనుకుంటే ఈ బాధ పట్టుకుంది. మాకు క్లాసులో చెప్పేవాళ్ళు, అసలు ఆపరేషన్‌కి రబ్బరు గ్లోవ్స్ పుట్టిందే ఒక నర్సు చర్మం కోసమని. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో కారొలిన్ హాంప్టన్ అనే సిస్టర్ చేతులు మెర్క్యురిక్ క్లోరైడ్ మందు నీళ్ళకి పగిలిపోతుంటే, సర్జన్ హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీ చేత పల్చటి గ్లోవ్స్ చేయించాడట, 1890 ప్రాంతంలో. తర్వాత ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు లెండి.

లీడ్స్_లత
పెద్దమ్మా, ఆ జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళే 2008లో ఆస్పత్రిలో లేటెక్స్ గ్లోవ్స్ వాడకం మానేశారు. 😊

నేను ఇంగ్లండులో వార్డు నర్సుని, ఊరు తెనాలి. ఇక్కడ లేటెక్స్ గ్లోవ్ వాడాలంటే పౌడర్ లేనిదీ ప్రోటీన్ తక్కువున్నదీ అయ్యుండాలి. వార్డులో మాకు కనపడేవి నైట్రైలే. చేరేటప్పుడే ఆక్యుపేషనల్ హెల్త్ (సిబ్బంది ఆరోగ్యం చూసే విభాగం) వాళ్ళు ప్రశ్నలు అడుగుతారు, బెలూన్, పళ్ళు, చేతులు, అన్నీ. చేతుల్లో తేడా వస్తే వాళ్ళకి మనమే చెప్పుకోవచ్చు, మేనేజర్ దాకా పోనక్కర్లేదు. గుంటూరు అక్క భయం చూస్తే నాకు అదే అనిపించింది, అక్కడ చెప్పుకోవడానికి ఆ కిటికీ లేదు. అక్కా, నోటిమాటగా కాకుండా రాసి ఇవ్వు. ఏ తేదీ, ఏ డ్యూటీ, ఎంతసేపటికి వచ్చింది, ఫోటోతో సహా. దద్దుర్లు గంటలో పోతాయి, ఫోటో ఉంటుంది.

ఇంకో మాట. మన దగ్గర కొవిడ్ తర్వాత అన్నింటికీ గ్లోవ్సే. బీపీ చూడ్డానికి, టెంపరేచర్‌కి, ఫైలు రాయడానికి కూడా వేసుకునే ఉంటారు. మామూలు పరిస్థితుల్లో వాటికి గ్లోవ్స్ అక్కర్లేదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది, ఇంట్రామస్కులర్ (కండకి చేసే) ఇంజెక్షన్‌కి కూడా. అవసరం లేనిచోట మానేస్తే ఎక్స్‌పోజరూ తగ్గుతుంది, రాజుగారి బడ్జెట్టూ మిగులుతుంది.

కడప_పళ్ళ_డాక్టర్
నా కథ వేరేగా ఉంది. నేను ఏడాది క్రితమే క్లినిక్ మొత్తం నైట్రైల్‌కి మార్చినా. మొదట్లో బాగుండె, మళ్ళీ చేతి వెనక పొక్కులు మొదలయినాయి. నైట్రైల్‌లో లేటెక్స్ లేదు గదా, మరి ఇదేంది?

చర్మం_డాక్టర్
పైన చెప్పిన రెండో రకం. నైట్రైల్ తయారీలోనూ ఆ యాక్సిలరేటర్ రసాయనాలే వాడతారు, అందుకే ఆ రకంవాళ్ళకి నైట్రైల్‌కి మారినా పూర్తిగా తగ్గకపోవచ్చు. ప్యాచ్ టెస్టు చేయించుకోండి. యాక్సిలరేటర్ ఫ్రీ నైట్రైల్ దొరుకుతుంది, పెట్టె మీద రాసి ఉంటుంది. వినైల్ చవకని అటు పోకండి, రక్తం, లాలాజలం పనికి అది త్వరగా లీకవుతుంది. మీ రబ్బర్ డ్యాం (పంటి చుట్టూ పెట్టే రబ్బరు షీటు), బ్రేసెస్‌కి వేసే ఎలాస్టిక్‌లు కూడా చూసుకోండి, పేషెంట్‌కి అలర్జీ ఉంటే నోట్లోనే లేటెక్స్ పెట్టినట్టు. లేటెక్స్ లేనివి వస్తున్నాయి.

పెట్టె మీద "హైపోఅలర్జెనిక్" అని ఉంటే నమ్మకండి. రసాయనాలు తగ్గించి ఆ పేరు పెట్టేవాళ్ళు, ప్రోటీన్ అలాగే ఉండేది. లేటెక్స్ గ్లోవ్స్ మీద ఆ మాట వేయకూడదని అమెరికాలో 1998 నుంచే నియమం.

స్టోర్_రాజు
సరే సార్, మీరంతా నన్నే పట్టుకున్నారు 🙏 మేనేజ్‌మెంట్‌కి ఫైలు పెడతాను. ఇండెంట్‌లో ఏం రాయాలో చెప్పండి. "పౌడర్ ఫ్రీ" అని రాస్తే చాలా? మొన్నొకడు అలా రాసినవే ఇచ్చాడు, విప్పితే చేతికి తెల్లగా అంటుకుంది.

మత్తు_డాక్టర్_వైజాగ్
చాలదు. "స్టెరైల్ సర్జికల్ గ్లోవ్స్, లేటెక్స్, పౌడర్ ఫ్రీ, లో ప్రోటీన్" అని రాసి, బ్యాచ్ టెస్ట్ రిపోర్ట్ జత చేయాలని షరతు పెట్టండి. పౌడర్ ఫ్రీ అనాలంటే మిగిలిన పొడి ఒక్కో గ్లోవ్‌కి 2 మిల్లీగ్రాములు మించకూడదు. ఎక్స్‌ట్రాక్టబుల్ (గ్లోవ్‌లోంచి బయటికి వచ్చే) ప్రోటీన్ ఎంతో కూడా రిపోర్టులో చూపించమనండి. చూపించలేనివాడిని ఎల్‌1 అయినా టెక్నికల్‌లోనే తీసేయొచ్చు, టెండర్ రూల్సు మీకు నాకంటే బాగా తెలుసు. ఎగ్జామినేషన్ గ్లోవ్స్ పూర్తిగా నైట్రైల్‌కి మార్చేయండి, 2020లో ఉన్న మంట రేట్లు ఇప్పుడు లేవు.

గ్లోవ్స్‌తో ఆగకండి. ఫోలీస్ క్యాథెటర్ (మూత్రం గొట్టం)లో అందరూ పడే గుంట ఒకటుంది. "సిలికాన్ కోటెడ్" అంటే లోపలంతా లేటెక్సే, పైన పూత మాత్రమే. కావాల్సింది "100% సిలికాన్". రెడ్ రబ్బర్ క్యాథెటర్, కొరుగేటెడ్ డ్రెయిన్ (గాయంలోంచి ద్రవం తీసే రబ్బరు పట్టీ), టోర్నికే (చేతికి బిగించి కట్టే పట్టీ), కాండోమ్ క్యాథెటర్, స్కానింగ్ ప్రోబ్‌కి తొడిగే కాండోమ్ కూడా లెక్కలోకి వస్తాయి. ఒక ట్రాలీ మొత్తం లేటెక్స్ లేని సామానుతో సర్ది పెట్టుకుంటే, అలర్జీ ఉన్న పేషెంట్ వచ్చినప్పుడు పరుగులు ఉండవు. స్పైనా బైఫిడా (పుట్టుకతో వెన్నెముక లోపం) పిల్లలకి ఇది తప్పనిసరి, పుట్టినప్పటి నుంచి ఆపరేషన్లూ క్యాథెటర్లే కనక వాళ్ళలో ఈ అలర్జీ చాలా ఎక్కువ.

ఓటీవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి. యాంటీబయాటిక్‌కో, మజిల్ రిలాక్సెంట్ (కండరాలు వదులుచేసే మందు)కో అలర్జీ అయితే ఇచ్చిన కాసేపటికే బయటపడుతుంది. లేటెక్స్‌ది సాధారణంగా సర్జన్ చెయ్యి లోపల పెట్టాక, అరగంట గంట గడిచాక వస్తుంది. కారణం తెలియకుండా బీపీ పడిపోతే గ్లోవ్స్ కూడా అనుమానించండి.

గుంటూరు_ఓటీ_సిస్టర్
అందరికీ చాలా థాంక్స్. స్పెసిఫిక్ ఐజీఈ పాజిటివ్ వచ్చింది. చర్మం మీద గుచ్చి చూసే ప్రిక్ టెస్ట్ వద్దన్నారు, మీ లక్షణాలకి ఇది చాలన్నారు. లత చెల్లి చెప్పినట్టు ఫోటోలు, తేదీలు కలిపి లెటర్ రాసి సూపరింటెండెంట్ గారికి ఇచ్చా. ఒకసారి ఫోటోలు చూశాక "సెట్రిజిన్" మాట ఎవరూ ఎత్తలేదు. ప్రస్తుతానికి ప్రీ-ఆప్ (ఆపరేషన్‌కి ముందు ఉంచే) వార్డులో వేశారు, జీతం అలవెన్సు తగ్గించబోమని రాసిచ్చారు. ఒక ఓటీని ముందుగా పౌడర్ ఫ్రీ చేస్తారట, ఆ గది గోడలు, ఏసీ ఫిల్టర్లు కడిగించాక నన్ను తీసుకుంటామన్నారు. డాక్టర్‌గారూ, అడ్రినలిన్ దగ్గర పెట్టుకోమన్నారు, ఎలా?

చర్మం_డాక్టర్
మంచిపని చేశారు. ఫిల్టర్ల సంగతి చాలామంది మర్చిపోతారు, పాత పౌడర్ అక్కడే కూర్చుని ఉంటుంది.

1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉండే అడ్రినలిన్ యాంపుల్, సిరంజి, సూది కలిపి ఒక పౌచ్‌లో పెట్టుకోండి. పెద్దవాళ్ళకి 0.5 మి.లీ. తొడ బయటి వైపు, కండలోకి. నరానికి వద్దు. ఆయాసం, గొంతు బిగుసుకోవడం, కళ్ళు తిరగడం, వీటిలో ఏది వచ్చినా ముందు అదే, ఆవిల్ (అలర్జీ ఇంజెక్షన్), హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్) ఆ తర్వాత. మీతో డ్యూటీ చేసేవాళ్ళకీ ఇంట్లోవాళ్ళకీ చూపించండి, ఆ సమయంలో మీ చేయి మీ మాట వినకపోవచ్చు. మీరే పంటి డాక్టర్ దగ్గరికో, స్కానింగ్‌కో వెళ్తే వాళ్ళు గ్లోవ్ తీసేలోపే చెప్పండి. కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో రాయించుకోండి.

స్టోర్_రాజు
మాది కూడా ఫైలు కదిలింది, వచ్చే క్వార్టర్ నుంచి పౌడర్ ఫ్రీ. ఒక సమస్య. స్టోర్‌లో పౌడర్ పెట్టెలు ఇంకా చాలా మిగిలాయి. పారేయడం ఎందుకు, హౌస్‌కీపింగ్‌కీ క్యాంటీన్‌కీ ఇచ్చేయమంటున్నారు పైవాళ్ళు.

పెద్ద_సిస్టర్_రిటైర్డ్
వద్దు నాయనా. ఓటీలోంచి తీసి ఆయమ్మల చేతికి తొడుగుతారా? వాళ్ళకి ఊపిరితిత్తులు లేవా?

చర్మం_డాక్టర్
క్యాంటీన్‌కి అసలే వద్దు. లేటెక్స్ గ్లోవ్‌తో వడ్డిస్తే ప్రోటీన్ అన్నానికి అంటుతుంది, అలర్జీ ఉన్నవాళ్ళకి తిన్నా రియాక్షన్ వస్తుంది. అవే పేషెంట్ల దాకా పోతాయి. హౌస్‌కీపింగ్‌కి మందపాటి నైట్రైల్ యుటిలిటీ గ్లోవ్స్ ఇవ్వండి, కడిగి వాడుకోవచ్చు.

స్టోర్_రాజు
వెండర్‌తో మాట్లాడాను. సీల్ విప్పని కార్టన్లు వెనక్కి తీసుకుని పౌడర్ ఫ్రీ ఇస్తానన్నాడు, రేటు తేడా మేం కట్టాలి. విప్పినవి అతను తీసుకోడు, వాటిని కండెమ్ లిస్టులో (పనికిరానివిగా తీసేసే వాటిలో) పెట్టాను.